దూరపు కొండల నునుపు

దూరపు కొండలు నునుపు అను సామెత తెలియని తెలుగువారుండరు. కొండ నెక్కినవానికి దాని ముండ్లును, రాళ్ళును, ఏటవాలును తెలియును. దూరమునుండి చూచువానికి అది నీలివస్త్రము కప్పుకొన్న సుకుమారమైన ఆకారము వలె తోచును. ఈ నునుపును కాగితముపై నిలిపి, వెలకట్టి అమ్ముటకు పందొమ్మిదవ శతాబ్దమున ఒక పెద్ద వ్యాపారము బయలుదేరినది. కొండలు, జలపాతములు, శిథిలాలయములు, నదీతీరములు ఛాయాచిత్రములుగా మారి, యాత్రికుల పెట్టెలలో జ్ఞాపికలై దేశదేశములకు తరలిపోయినవి. ఆ చిత్రములే నేడు చరిత్ర గ్రంథములలోను, పాఠ్యపుస్తకములలోను, ప్రదర్శనశాలలలోను ఆనాటి దేశమునకు ప్రతిబింబములుగా కనబడుచున్నవి. అమ్మకము కొఱకు తీసిన చిత్రము చరిత్రకు సాక్షిగా వచ్చి నిలుచున్నప్పుడు దాని వాఙ్మూలమును ఎట్లు వినవలెను? ఈ ప్రశ్న ఛాయాచిత్రకారులకు మాత్రమే చెందినది కాదు. పిల్లలకు చరిత్ర చెప్పు ప్రతి ఉపాధ్యాయునికిని చెందినది.

ఛాయాచిత్రకళ పుట్టుకకు 1839వ సంవత్సరమును చెప్పుట వాడుక. ఆ యేట పారిస్ నగరమున వెల్లడియైన డాగేరు పద్ధతి వెండిపూత గల రాగిరేకుపై అద్భుతమైన బింబమును నిలిపెను గాని, దానికి ప్రతులు తీయుటకు వీలు లేకపోయెను. ఒక రేకు, ఒక బింబము, ఒక కొనుగోలుదారు, అంతతో సరి. ఆ పద్ధతితోనే వ్యాపారము నడపిన నేర్పరి ప్లాట్ బాబిట్. అతడు 1853 నుండి నయాగరా జలపాతమునకు అమెరికా వైపున కెమెరాను నిలిపి, జలపాతమును చూచుచు మైమరచిన యాత్రికులను వారి వెనుకనుండియే చిత్రించి, ఆ రేకులను వారికే అమ్మెడివాడు. చూచిన దృశ్యమును గాక, దృశ్యమును చూచుచున్న తమను తాము కొనుక్కొను అలవాటు ఆనాడే మొలకెత్తినదనుట సత్యము.

ఈ వ్యాపారమునకు రెక్కలు వచ్చినది మరి రెండు పరిశోధనల వలన. 1850లో ఫ్రాన్సు దేశీయుడగు బ్లాంకార్ ఎవ్రార్ కోడిగ్రుడ్ల తెల్లసొన పూసిన కాగితముపై ప్రతులు ముద్రించు మార్గమును చూపెను. 1851లో ఆంగ్లేయుడగు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజుపలకపై కొలోడియను ద్రవమును పూసి నెగటివు తీయు పద్ధతిని ప్రకటించెను. ఆర్చర్ తన పద్ధతిపై ఏ హక్కును దాచుకొనలేదు. 1857లో పేదవాడుగనే మరణించెను. ఆయన వదలిన విద్యతో పరులు ధనికులైరి. గాజుపలక ఒకటి చేతనుండిన చాలును, వందలకొలది ప్రతులు తీయవచ్చును. ప్రకృతి దృశ్యము సరకుగా మారుటకు కావలసినది ఇదియే.

ఇంగ్లండున ఫ్రాన్సిస్ ఫ్రిత్ అను నాతడు పచారీ వ్యాపారమును అమ్మివేసి, 1856 నుండి 1860 లోపల మూడు పర్యాయములు ఈజిప్టు, పాలస్తీనా దేశములకు పోయి వచ్చెను. ఎడారి గుడారములో వేడిమికి కొలోడియను పలకపైననే ఉడికిపోవుచుండగా అతడు పిరమిడ్లను, దేవాలయములను చిత్రించెను. పిమ్మట రైగేటు పట్టణమున సంస్థను నెలకొల్పి, బ్రిటను దేశమందలి ఊళ్ళన్నింటి చిత్రములను సేకరించి అమ్మ సాగెను. స్కాట్లండులో అబర్డీనున జార్జి వాషింగ్టన్ విల్సన్, డండీలో వాలెంటైన్ వంశీయులు ఇదే బాట పట్టిరి. జపానున యొకొహామా రేవులో 1863 నుండి ఫెలీస్ బియాటో తీసిన చిత్రములకు అక్కడి నీటిరంగుల చిత్రకారులు చేతితో రంగులద్దుచుండిరి. ఓడ దిగిన యాత్రికుడు ఆ ఆల్బము నొకదానిని కొనక ఓడ నెక్కుట అరుదు.

భారతదేశమున ఈ వ్యాపారమునకు ప్రసిద్ధిని తెచ్చినవాడు సామ్యూల్ బోర్న్. 1834లో జన్మించిన ఇతడు నాటింగ్‌హాం నగరమున ఒక బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి, ఆ యుద్యోగమును విడిచి, 1863లో కలకత్తా రేవున దిగెను. సిమ్లా చేరి అక్కడి విలియం హోవర్డుతోను, తరువాత చార్లెస్ షెపర్డుతోను భాగస్వామియై, బోర్న్ అండ్ షెపర్డ్ అను సంస్థకు పేరు తెచ్చెను. 1863, 1864, 1866 సంవత్సరములలో అతడు హిమాలయములకు మూడు యాత్రలు చేసెను. మూడవ యాత్రలో దాదాపు 18,600 అడుగుల ఎత్తున నున్న మానీరంగ్ కనుమపై చిత్రములు తీసెను. పిదప సుమారు ఇరువది సంవత్సరముల వరకు అంత ఎత్తున మరియెవ్వరును చిత్రము తీయలేదందురు. 1870లో అతడు స్వదేశమునకు మరలి, నూలు వ్యాపారమున ప్రవేశించి, 1912లో కాలధర్మము చెందెను. ఈ దేశముననున్న ఏడెనిమిది యేండ్లలో అతడు తీసిన చిత్రములు రెండు వేలకు పైబడినవి.

ఆ పని ఎంతటి శ్రమతో కూడినదో నేటి విద్యార్థికి ఊహకందుట కష్టము. కొలోడియను పూసిన గాజుపలక తడి ఆరకముందే, అనగా పది పదునైదు నిమిషములలోపల, కెమెరాలో పెట్టి, వెలుతురు చూపి, కడిగి ముగింపవలెను. కనుక చిత్రకారుడు పోయిన చోటికెల్ల చీకటి గుడారమును, గాజుపలకల పెట్టెలును, మందుసీసాలును, నీళ్ళును పోవలయును. గాజు పగిలినచో యాత్ర వ్యర్థము. నీరు మురికిదైనచో పలక వ్యర్థము. 1863 నాటి మొదటి యాత్రలో బోర్న్ వెంట సుమారు 30 మంది కూలీలు నడచిరి. పది వారములు కొండలలో తిరిగి అతడు తెచ్చినవి 147 నెగటివులు. ఆ నెగటివులు ప్రతియొక్కటియు ఒక మనుష్యుని వీపుమీద కనుమలు దిగి వచ్చినదే.

ఆ మనుష్యులెవరు? వారి పేర్లు చిత్రములపై లేవు. బోర్న్ తన యాత్రలను గూర్చి లండను నగరపు ఛాయాచిత్రకళా పత్రికకు వరుసగా వ్రాసిన వ్యాసములు మాత్రము ఉన్నవి. వానిలో అతడు కొండల సౌందర్యమును వర్ణించిన చోటనే, బరువులు దించి పారిపోయిన కూలీలను గూర్చియు, గ్రామములలో దాగినవారిని వెదకి కఱ్ఱ చేత పట్టి బయటికి లాగిన తీరును గూర్చియు దాపరికము లేకుండ చెప్పుకొనెను. సంకోచము లేకుండ చెప్పుకొనుటయే ఇచట గమనింపదగినది. తెలుగునాట వెట్టి యనియు, ఆ కొండసీమలలో బేగారు అనియు పిలువబడిన బలవంతపు చాకిరి ఆనాటి దొరలకు గాలివలె, నీరువలె సహజమైనదిగా తోచెడిది. చిత్రమున మంచుకొండ నిర్మలముగా నిలిచియున్నది. ఆ నిర్మలత వెనుకనున్న కఱ్ఱ చిత్రములో పడలేదు, వ్రాతలో పడినది. చిత్రమును చూచి ఊరకున్నవాడు సగము చరిత్రను మాత్రమే చూచినవాడు.

ఇక అమ్మకపు తీరు పరిశీలింపదగినది. ప్రతి నెగటివునకు ఒక సంఖ్యయు, ఒక శీర్షికయు ఉండెడివి. సంస్థ ముద్రించిన జాబితాను చూచి, కొనుగోలుదారు తనకు కావలసిన సంఖ్యలను ఎన్నుకొని, ఆ ప్రతులను ఆల్బముగా కట్టించుకొనెడివాడు. కొనువారిలో అధికులు సైనికోద్యోగులు, సివిలు ఉద్యోగులు, వారి కుటుంబములు. 1869లో సూయజ్ కాలువ తెరచిన పిమ్మట విహారయాత్రకు వచ్చువారి సంఖ్యయు పెరిగినది. స్వదేశమున చలిమంట చెంత కూర్చుండి బంధువులకు చూపుటకు వారు కోరునది ఏది? తాము వేసవి గడపిన సిమ్లా, ఉదకమండలము; కాశ్మీరపు సరస్సులు; ఆగ్రాలోని తాజమహలు; 1857 తిరుగుబాటున ఆంగ్లేయులు మరణించిన కాన్పూరులో కట్టిన స్మారకపు బావి. అమ్ముడుపోవునది తీయబడెను, తీయబడినది మరల అమ్ముడుపోయెను. ఈ విధముగా కొనువాని కోరికయే కెమెరాకు కన్నైనది.

బోర్న్ మూడవ హిమాలయ యాత్ర సాగిన 1866వ సంవత్సరముననే ఒరిస్సాలో మహాక్షామము సంభవించి సుమారు 10 లక్షల మంది మరణించిరి. అప్పటికి మద్రాసు రాజధానిలో భాగమైన గంజాం జిల్లాకును ఆ క్షామము సోకినది. మంచుకొండలకు పోయినవాడు క్షామభూములకు పోలేదని అతనిని నిందించుట న్యాయము కాదు. ఒకే మనుష్యుడు రెండు చోట్ల ఉండజాలడు. కాని ఆ యేటి ఆల్బమును తెరచి, ఆనాటి భారతదేశము ఇంత ప్రశాంతముగా నుండినదా యని ఆశ్చర్యపడు విద్యార్థికి ఆ క్షామమును గూర్చి చెప్పని ఉపాధ్యాయుడు మాత్రము నిందార్హుడే. చిత్రము చెప్పని దానిని చెప్పుటకే గదా గురువు తరగతిలో నిలుచుండుట!

చిత్రములోని లోపములన్నియు దురుద్దేశముతో వచ్చినవని తలచుటయు పొరపాటు. కొన్ని ఆనాటి సాధనముల వలన కలిగినవి. పలకపై వెలుతురు పడవలసిన కాలము చాల సెకండ్లు, ఒక్కొక్కప్పుడు నిమిషములు కూడ. అంతసేపు కదలక నిలిచిన గోపురము స్పష్టముగా పడును. బజారులో నడచు జనము పొగవలె చెదరును, లేదా పూర్తిగా మాయమగును. పారు నీరు పాలమీగడ వలె కనబడును. కొలోడియను నీలివన్నెకు మిక్కిలి చురుకుగా స్పందించును గావున ఆకాశము మేఘములు లేక తెల్లబోవును. అందుచే కొందరు మేఘములను వేరొక పలకపై తీసి ముద్రించునపుడు జతచేయుచుండిరి. కావున పాత చిత్రమున వీధి నిర్మానుష్యముగా నున్నంత మాత్రమున ఆ ఊరు నిర్మానుష్యమని కాదు. అట్లే, చిత్రమున మనుష్యులున్నంత మాత్రమున వారు తమంతట తాము అచట నుండిరనియు కాదు. స్తంభము ఎత్తును తెలుపుటకై నిలువబెట్టబడిన వారే పెక్కురు. లక్నోలోని సికందర్‌బాగ్‌ను బియాటో 1858లో తీసిన చిత్రమున అంగణమంతయు అస్థులు పరచియున్నవి. యుద్ధము జరిగి అప్పటికి నెలలు గడచినవి. ఆ యస్థులను చిత్రము కొఱకే అట్లు పరచిరని చరిత్రకారుల అభిప్రాయము. కెమెరా అబద్ధమాడదని అనువారు ఆ చిత్రమును ఒకమారు చూడవలెను.

ఈ విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. మంచులో, ఎండలో, ప్రాణములకు తెగించి పనిచేసిన ఆ చిత్రకారులు మహాకళాకారులనియు, వారి కృతులలో రాజకీయమును వెదకుట రసహీనమనియు ఒక వాదము. ఆ చిత్రములన్నియు పరపాలకుల అహంకారమునకు గురుతులనియు, వానిని పాఠశాలల గోడలనుండి దించివేయవలెననియు రెండవ వాదము. మొదటివారు కొండను చూచి కూలీని మరచిరి. రెండవవారు కూలీని తలచి కొండను కాదనుచున్నారు. సత్యము ఈ రెంటి నడుమ ఎచ్చటనో లేదు, ఈ రెంటిని ఒకేమారు చూడగల కంటిలో ఉన్నది.

ఇందుకు అమెరికా దేశపు ఉదాహరణము చాలును. 1861లో కార్ల్టన్ వాట్కిన్స్ కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయను 18 అంగుళముల వెడల్పు, 22 అంగుళముల నిడివి గల మహాఫలకములపై చిత్రించెను. ఆ చిత్రములు తూర్పు నగరములలో ప్రదర్శింపబడి, ఆ లోయపై ప్రజలకు మమకారమును కలిగించినవి. 1864లో అధ్యక్షుడు లింకన్ సంతకము చేసిన చట్టముచే ఆ లోయ ప్రజల విహారమునకై కాపాడబడినది. అమ్మకపు చిత్రము ఒక లోయను అమ్ముడుపోకుండ కాచినదన్నమాట. కాని అంతకు పదేండ్ల ముందే, 1851లో, ఆయుధపాణులైన దళమువారు ఆ లోయలోని ఆదివాసులగు అహ్వాహ్నీచీలను తరిమిరి. మనుష్య స్పర్శ నెరుగని స్వర్గమని చిత్రము చూపిన చోటు నిజమునకు ఒక జనుల ఇల్లు. మేలు నిజము, మరుపు నిజము. రెంటిని చెప్పుటయే చరిత్ర.

కెమెరా స్వదేశీయుల చేతికి వచ్చినంతనే దృష్టి మారినదా? హైదరాబాదు చరిత్ర ఇందుకు సమాధానము చెప్పగలదు. 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో కొలువుచేసిన లాలా దీన్‌దయాళ్ 1880ల దశకమున సికిందరాబాదు చేరి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన చిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ బిరుదము నందెను. 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీల కొఱకు ప్రత్యేకమైన స్టూడియోను నెలకొల్పి, దానిని ఒక ఆంగ్ల వనిత చేతికి అప్పగించెను. రాజభవనములు, కోటలు, వేట విడుదులు, విందులు ఆయన చిత్రములలో దేదీప్యమానముగా నున్నవి. వానిని చూచినవారు ఆ నేర్పునకు చేతులు జోడింపవలసినదే. అయినను ఆ చిత్రములకు ధరలిచ్చినవారు నవాబులు, దొరలు, యాత్రికులే గాని తెలంగాణపు పొలములలోని రైతులు కారు. చేయి మారినది, కొనువాడు మాత్రము పెక్కు చోట్ల మారలేదు. చిత్రమును ఎవరు తీసిరి అను ప్రశ్నతోపాటు, ఎవరికొఱకు తీసిరి అను ప్రశ్నయు వేయవలెననుటకు ఇంతకంటె నిదర్శనము కావలయునా?

1888లో ఈస్ట్‌మన్ కోడక్ కెమెరా వచ్చుటతో యాత్రికుడు తన చిత్రమును తానే తీసికొనజొచ్చెను. తదుపరి పోస్టుకార్డుల వెల్లువ వచ్చినది. మద్రాసులోని హిగ్గిన్‌బాథమ్స్ వంటి పుస్తకశాలలు దక్షిణదేశపు దృశ్యములను కార్డులపై ముద్రించి అమ్మినవి. పెద్ద ఆల్బముల కాలము క్రమముగా అంతరించినది. బోర్న్ అండ్ షెపర్డ్ సంస్థ కలకత్తాలో దీర్ఘకాలము నిలిచెను గాని, 1991లో జరిగిన అగ్నిప్రమాదమున దాని పాత నిధి చాలవరకు బూడిదయ్యెను. 2016లో ఆ సంస్థయే మూతపడెను. దీన్‌దయాళ్ గాజుపలకల అదృష్టము మెరుగైనది: 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,857 నెగటివులను సేకరించి భద్రపరచినది. అవి దక్కినవి గనుకనే నేడు వానిని విమర్శింపగలుగుచున్నారు. కాలిపోయిన చిత్రమును ప్రశంసించుటకును, ఖండించుటకును వీలులేదు. విమర్శకు మొదటి షరతు రక్షణ.

ఈ సత్యము దగ్గరి ఊళ్ళకును వర్తించును. తెలుగునాట ప్రతి పట్టణమునను తరతరములుగా నడచి మూతపడిన స్టూడియోలు ఉన్నవి. వాని అటకలపై పలకలు, ఫిలించుట్టలు చెదలు పట్టుచున్నవి. ఇండ్లలో పెట్టె అడుగున పడియున్న చిత్రముల వెనుక పేరుగాని, తేదీగాని లేదు. చెప్పగల ముసలివారు ఒక్కరొక్కరే వెళ్ళిపోవుచున్నారు. మ్యూజియముల వారు వచ్చునందాక వేచియుండనక్కరలేదు. ఒక ఉన్నత పాఠశాల, ఒక ఉపాధ్యాయుడు, పదిమంది విద్యార్థులు పూనుకొన్నచో ఒక ఊరి చిత్రములకు జాబితా వ్రాయవచ్చును. బరువు మోసిన కూలీ పేరును బోర్న్ వ్రాయలేదని చింతించువారు, తమ ఊరి చెరువుగట్టుపై తట్ట నెత్తిన నిలిచిన స్త్రీ పేరునైనను అడిగి వ్రాసియుంచుట ధర్మము.

తరగతిలో పాత చిత్రము నొకదానిని చూపునపుడు ఐదు ప్రశ్నలు వేయుట మేలు. దీనిని తీసినవారెవరు? కొన్నవారెవరు? కెమెరా ఎక్కడ నిలిచినది, అక్కడికి ఎవరు మోసికొనిపోయిరి? సాధనముల వలన చిత్రములో పడనిది ఏది? అక్కరలేదని విడువబడినది ఏది? ఈ ప్రశ్నలకు అన్నింటికిని సమాధానము దొరకకపోవచ్చును. దొరకని సమాధానము కూడ విద్యార్థికి ఒక పాఠమే. చరిత్రలో ఖాళీలు ఎక్కడ ఉన్నవో, ఎవరి ఇంట ఉన్నవో అతనికి తెలియును. పద్యమునకు ప్రతిపదార్థము చెప్పించునట్లే చిత్రమునకును ప్రతిపదార్థము చెప్పింపవలెను. తాత్పర్యము ఆ పిమ్మట రావలెను.

నేటి బాలురకు ఈ విద్య మునుపటికంటె అవసరము. ప్రతి చేతిలోను కెమెరా ఉన్నది. యాత్రాస్థలములలో అందరును ఒకే రాతిపై నిలిచి, ఒకే కోణమున, అంతకు ముందు వేలమంది తీసిన చిత్రమునే మరల తీయుచున్నారు. నయాగరా ఒడ్డున బాబిట్ ఒకడు చేసిన పనిని నేడు ప్రతివాడును తనకు తానే చేసికొనుచున్నాడు. చిత్రమునకు వెల లేకున్నను, మెప్పు అను నాణెముతో బేరము సాగుచునేయున్నది. మెప్పు కోరువాడు ఇతరుల కన్నుతోనే చూచును. కొండ దగ్గరకు పోయియు దూరపు కొండనే చూచి వచ్చువాడు అతడే.

దూరపు కొండల నునుపును ఆనందించుట నేరము కాదు. ఆ నునుపును చేసినవారి చెమటయు, కొన్నవారి కోరికయు ఎరిగి ఆనందించుట సంస్కారము. బోర్న్ చిత్రమున మంచుకొండ ఇప్పటికిని అందముగనే యున్నది, ఎప్పటికిని అట్లే యుండును. ఆ యందమును విద్యార్థికి చూపుచు, అదే శ్వాసలో పలకల పెట్టెను వీపున మోసికొని కనుమ దిగిన అజ్ఞాతుని గూర్చి చెప్పగలిగిన గురువు, ఒక్క చిత్రముతో చరిత్రను, కళను, నీతిని మూడింటిని బోధించినవాడగును.